ఎదురు చెంప

"గీమె ఎవలు బిడ్డా?" అని అడిగింది మొగిలవ్వ.

ఫౌజియా నవ్వబోయి ఆగిపోయింది. ముసలామె వేళాకోళం ఆడటం లేదు. ఒళ్లో పెట్టుకున్న, ఫోటో అచ్చువేసిన టైలును కొంగుతో తుడిచి, దూరంగా పెట్టి చూసింది, మళ్లీ కళ్లకు ఆనించుకున్నట్టు చూసింది.

"నీ సోపతి లసుమవ్వే కద అవ్వా. నువ్వు తెచ్చిన ఫోటోనే."

"మా లసుమి గిట్లుండది. గీమె సీరియల్ల పిల్ల లెక్కున్నది. మొఖానికి సున్నమేసినవ్. దాని పచ్చబొట్టేది?"

ఆ ఫోటో మీద ఫౌజియా పడ్డ పాటు అంతా ఇంతా కాదు. చెమ్మకు అద్దానికి అతుక్కుపోయిన నలుపు తెలుపు ఫోటో అది. ఎన్నేళ్లు గోడకు వేలాడిందో గానీ, అద్దం పగిలిన పక్క నుంచి ఈగలు దూరి బొమ్మ నిండా నల్లచుక్కలు పెట్టాయి. అద్దంతో సహా స్కాన్ చేసి, ఒక్కో చుక్కను పట్టి తుడిచింది. ముడతలు తీసింది. వెనక వెలిసిపోయిన గోడకు లేత నీలం రంగు వేసింది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు కోడలిగా వచ్చాక, భర్త సలావుద్దీన్ అద్దాలు కోసి ఫ్రేములు కట్టే దుకాణంలో టైళ్ల మీద ఫోటోలు అచ్చువేసే పని తెచ్చింది ఆమే. ఇంత బాగా కుదిరిన ముఖం ఇదివరకు లేదని పొద్దున్నే మురిసిపోయింది.

"మా ఆమెకు తుడుపుడు బీమారి అవ్వా. గోడకు పుట్టుమచ్చ ఉన్నా తుడుస్తది," అన్నాడు సలావుద్దీన్ అద్దం మీంచి తలెత్తకుండానే.

"నువ్వు ఊకో జర," అంది ఫౌజియా.

పాత బొమ్మ కంప్యూటర్‌లో అట్లాగే ఉంది. తెర మీదికి తెచ్చింది. పల్చటి ముఖం, నవ్వుతో పైకి లేచిన చెంపలు, నోట్లో పక్కపన్ను ఒకటి కనబడుతోంది. ఎడమ చెంప నిండా ఈగల చుక్కలు. అందులో ఒకటి పచ్చబొట్టు. అన్నీ నలుపే, అన్నీ ఆవగింజంతే.

"గీ చుక్కలల్ల ఏదో సూపియ్యి అవ్వా."

మొగిలవ్వ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరికి వంగింది. "నాకు మసక మసకనే ఆనుతది బిడ్డా. గిదేమో... గిదిగావచ్చు... ఏమో."

"ఆధార్ కార్డు ఉంటది కద?"

"గా కార్డుల దాని మొఖమే ఆనది, బొట్టు యాడ ఆనుతది?"

ఎల్లుండికి మొగిలవ్వ స్నేహితురాలు లసుమవ్వ పోయి ఏడాది. వీర్నపల్లిలో చేను గట్టున కొడుకు రాజమల్లు సమాధి గద్దె కట్టి, టైలు కోసం పైభాగాన గూడు వదిలిపెట్టాడు. ఆ గూట్లో ఎవరి ముఖమో కూర్చుంటే మొగిలవ్వ అటు తొంగిచూడను కూడా చూడదని ఫౌజియాకు అర్థమైంది. అంచనాగా ఒక చుక్క పెట్టి ఇవ్వొచ్చు. చూపు ఆనని మనిషికి తేడా తెలియకపోవచ్చు. కానీ ఫౌజియాకు చెయ్యాడలేదు.

అప్పుడు మొగిలవ్వ తన కుడి చెంప మీద వేలు పెట్టుకుంది. "ఇద్దరం ఒక్కనాడే పొడిపిచ్చుకున్నం. నాకు కుడి చెంపకు, దానికి ఎడమ చెంపకు. ఎదురుబదురు కూసుంటే బొట్టుకు బొట్టు ఎదురుండాలని పొడిచేటామెకు ఒట్టుపెట్టి చెప్పినం. బీడీలు చేసేటప్పుడు గట్లనే కూసుంటుంటిమి."

ఫౌజియా ఆ వేలి కింద చుక్కనే చూస్తూ ఉండిపోయింది. అచ్చు వేసే ముందు ప్రతి బొమ్మనూ ఎడమ కుడి చేసి తిప్పడం ఆమె రోజూ చేసే పని. కాగితం మీద తిరగబడి ఉంటేనే టైలు మీద సరిగ్గా పడుతుంది. మొగిలవ్వ ముఖాన్ని కూడా అట్లా తిప్పితే?

ముసలామెను గుమ్మం వెలుతురులో కూర్చోబెట్టి సెల్‌ఫోన్‌తో ఫోటో తీసింది. దాన్ని తిప్పి, పల్చగా చేసి, కళ్ల మీద కళ్లు, పెదవుల మీద పెదవులు వచ్చేట్టు లసుమవ్వ ముఖం మీద పరిచింది. మొగిలవ్వ పచ్చబొట్టు వచ్చి రెండు చుక్కల నడుమ, ఖాళీలో పడింది.

"చెంప జారింది బిడ్డా, ముసలిదాన్నయితి," అని మొగిలవ్వ రెండు వేళ్లతో చెంప పైకి లాగింది. ముఖం వంకర పోయింది.

"గట్ల కాదవ్వా. ఆమె నవ్వుతున్నది. నువ్వు గూడ నవ్వాలె."

"నవ్వుమంటే వస్తదా? అది పోయినంక నాకు నవ్వు యాడిది?"

ఫౌజియా స్టూలు జరుపుకొని ఎదురుగా కూర్చుంది. "పొడిచేటప్పుడు ఏడ్చిందా ఆమె?"

"ఏడ్చుడా? సూది ఆనకముందే ఉరికింది! ఊరంత ఎతికినం. యాడున్నది? కోళ్లగూట్ల దూరింది! కాళ్లు పట్టి గుంజితే నెత్తి నిండ ఈకలతోని అచ్చింది. పొడిచేటామె చూసి, 'గీ కోడికి గూడ పొడువాల్నా?' అన్నది..."

మిగతా మాట నవ్వులో కలిసిపోయింది. మొగిలవ్వ చెంపలు రెండూ పైకి లేచాయి. సలావుద్దీన్ ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, ఫోన్ నొక్కాడు.

ఆ ఫోటోను తిప్పి పరిస్తే, ఈసారి మొగిలవ్వ బొట్టు ఆ రెంటిలో పై చుక్క మీద కూర్చుంది. ఫౌజియా కొత్తగా ఏదీ గీయలేదు. ఆ ఒక్క చుక్కను పాత ఫోటో నుంచి తిరిగి తెచ్చింది. తీసేసిన ముడతలనూ తెచ్చింది. నీలం గోడ తీసేసింది.

ప్రింటర్ నుంచి వచ్చిన కాగితం వెలిసినట్టు ఉంది. మొగిలవ్వ కంగారు పడింది. "గిదేంది, బొట్టు నా దిక్కు అచ్చింది?"

"ఆగవ్వా, మిషిన్ల తిరుగుతది."

కాగితాన్ని, రంగు పట్టే పూత ఉన్న టైలు మీద బోర్లించి, జరగకుండా టేపు అంటించి, కాలే పలక కింద నొక్కి పెట్టింది. తీసి కాగితం ఒలిచేసరికి నలుపు నిగనిగలాడింది. చల్లారేదాకా మొగిలవ్వ చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడింది. తర్వాత రెండు చేతులతో ఎత్తి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. బొటనవేలితో ఆ పచ్చబొట్టును తడిమింది.

"ఎండ తాకితే రంగు పోతదవ్వా. ఉత్తరం దిక్కు పెట్టి, పైన చిన్న బండ ఎయ్యుమను," అంది ఫౌజియా.

"మరి దీన్నేం చేద్దాం?" సలావుద్దీన్ మొదటి టైలును చూపించాడు.

మొగిలవ్వ దాన్ని మరోసారి చూసింది. "ఇయ్యి బిడ్డా, అది గూడ ఇయ్యి. పెండ్లికి పోతే పౌడరు మెత్తుకొని గిట్లనే తయారయితుండె ముండ. మా ఇంట్ల పెట్టుకుంట."

రెంటినీ పాత పేపర్లలో చుట్టి సంచిలో పెట్టించుకుని మెట్లు దిగింది. దిగినదల్లా వెనక్కి తిరిగింది.

"గా గూడు రాజమల్లు మీదికి కట్టిండు, బాటెంబడి పోయెటోళ్లకు ఆనాలని. కిందికి దించుమని చెప్త. నేను కింద కూసుంటే దాని చెంప నాకు ఎదురు రావాలె."