రేడియేటర్లో ఎర్రనీళ్లు

మా జీపు రేడియేటర్ కారుతోందని వాకిలి ఊడుస్తుంటే తెలిసింది. ఎండిన నేల మీద, సరిగ్గా బండి ముక్కు కింద, అరచేతంత తడి.

మర్నాడు సోమవారం. కొండ మీదికి భోజనాలు మోసే పని మొదలయ్యే రోజు. బైలాడిల్లా కొండ మీద ఇనుపరాయి తవ్వే చోట కాంట్రాక్టు కూలీలకు మధ్యాహ్నం అన్నం కొండ కింద బచేలిలో మేం వండి పట్టుకెళ్లాలి. మెస్సు లెక్కలు చూసే మున్షీ ఒక వారం చూస్తానన్నాడు. భోజనాల సైరన్ మోగేసరికి అన్నం పైన ఉంటే పని నాది. లేకపోతే కిరండూల్లో కొత్త వ్యాను కొన్న మనిషి కాచుకుని ఉన్నాడు. మా ఆయన ఏలియా పోయాక మాకు మిగిలిన ఆధారం ఆ జీపే. అది కొండెక్కాలి.

బండి నడిపేది మా మరిది దేవరాజు. పనిమంతుడే గానీ తొందర ఎక్కువ. రేడియేటర్ విప్పి టంకం పెట్టించాలంటే గీదం ఊరికి పంపాలి, అది ఎప్పటికి తిరిగొస్తుందో తెలియదు. అందుకని బజారుకెళ్లి లీకు మందు తెచ్చాడు. చిన్న సీసాలో వెండిరంగు పొడి కలిసిన చిక్కటి ద్రవం. రేడియేటర్లో పోసి ఇంజను నడిపితే మందు నీళ్లతో పాటు తిరుగుతుంది. కన్నం దగ్గర బయటికి రాబోయి, అక్కడే గట్టిపడి దాన్ని మూసేస్తుంది.

"ఒక సీసా సాలన్నాడు కొట్టువోడు. నాను రెండు పోసేసినాను వదినా. మరింక కారమన్నా కారదు."

"ఉప్పు ఒక చెంచా చాలంటే నువ్వు రెండేస్తావేటి?"

"ఇది కూరేటి వదినా, ఉప్పెక్కువవడానికి?"

నిజంగానే ఆగింది. సోమవారం పొద్దున వాకిలి పొడిగా ఉంది. దేవరాజు నన్ను పిలిచి మరీ చూపించాడు.

వంటలో నాకు తోడుండే ఇర్మె, నేనూ కలిసి అన్నం గుండిగలకు గోనెసంచులు చుట్టి బండిలో ఎక్కించాం. ఇర్మెది కొండ కింద గోండు పల్లె. నాతో పనిచేసి మా తెలుగు నేర్చుకుంది. పప్పు, చారు, కూలీలు తాగడానికి ఒక డ్రమ్ము మంచినీళ్లు కూడా పెట్టుకుని బయలుదేరాం.

ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. కింద చూస్తే చుక్క కూడా కారడం లేదు.

"ముల్లే పాడైనాది వదినా. అబద్ధాలాడతంది. పైకెళ్లాక సూసుకుందాం."

"ఆపు."

"సైరన్ కొట్టేత్తాది!"

"ఇంజను పట్టేస్తే రేపు ఏ సైరనుకీ వెళ్లలేం. ఆపు."

ఆపాడు. ఇర్మె దిగి చక్రం కింద రాయి పెట్టింది. దేవరాజు ఆ వేడి మీదే మూత తిప్పబోతే చెయ్యి పట్టుకుని లాగాను. మూత తీస్తే ఆవిరి ముఖాన కొడుతుంది, కాగిన ఇంజనులో చల్లనీళ్లు పోస్తే ఇనుము పగులుతుంది. ఏలియా ఈ ఘాటులోనే ఎన్నోసార్లు బండి ఆపి, బీడీ కాల్చుకుంటూ అది చల్లబడే దాకా కూర్చునేవాడు. మేమూ కూర్చున్నాం. అన్నిటికంటే అదే కష్టమైంది.

కాస్త చల్లారాక రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను. పైభాగం ఇంకా చురుక్కుమంది. అడుగున పట్టుకుంటే కుండలా చల్లగా ఉంది.

"నీళ్లు కిందికి దిగడం లేదు. ఇందులో ఏ నీళ్లు పోశావు?"

"ఎప్పుడూ పోసేయే. మలుపు దగ్గర వాగు నీళ్లు."

ఇర్మె నవ్వింది. "ఆ ఎర్రనీళ్లా? అందులో మా ఆవులు కూడా మూతి పెట్టవు దీదీ."

తవ్వే చోటు నుంచి రాతిపొడి కలుపుకుని దిగే వాగు అది. రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి డ్రైవర్లందరూ అక్కడే డబ్బా ముంచుతారు. ఏలియా మాత్రం బావినీళ్లు గుడ్డలో వడగట్టి పోసేవాడు. బండికి బాప్తిస్మం ఇస్తున్నాడని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఎర్రబురద సన్నటి గొట్టాల్లో ముందే పేరుకుని ఉంది. దాని మీద రెండు సీసాల మందు పడింది. కన్నమేదో గొట్టమేదో మందుకేం తెలుసు? దొరికిన చోటల్లా పట్టుకుంది.

"డ్రమ్ము బండి పైకెక్కించు," అన్నాను.

"అయ్యి తాగే నీళ్లు వదినా!"

"తెలుసు. ఇర్మె, ఇక్కడ ఎక్కడైనా మంచినీళ్లున్నాయా?"

"కింద ఝరియా ఉంది. బీడీ ఆకులకొచ్చినప్పుడు మేం తవ్వుకున్నదే." ఇసుకలో తవ్విన ఊటగుంట అది. ఇర్మె రెండు బిందెలు తీసుకుని లోయలోకి దిగింది.

దేవరాజు రేడియేటర్ రెండు గొట్టాలూ ఊడదీశాడు. డ్రమ్ములో రబ్బరు ట్యూబు వేసి, రెండో కొస రేడియేటర్ అడుగున ఉన్న నోట్లో పెట్టి గుడ్డతో బిగించాం. నీళ్లు ఎప్పుడూ పైనుంచి కిందికి వెళ్లే దారిలో ఈసారి కింద నుంచి పైకి తోశాం. మొదట ఏమీ రాలేదు. దేవరాజు నా ముఖం చూశాడు. నేను రేడియేటర్ని అరచేత్తో తడుతూనే ఉన్నాను. కాసేపటికి పైనోటి నుంచి రాగి అంబలి లాంటి బురద, మధ్యలో వెండిరంగు ముద్దలతో, బుడుక్కుమని వచ్చింది.

"ఓలమ్మో! నాను పోసిన మందంతా ఇక్కడే ఉందేటి!"

"ఉంటుంది. రెండు సీసాలు కదా."

డ్రమ్ము ఖాళీ అయ్యేసరికి నీళ్లు దాదాపు తేటగా వస్తున్నాయి. ఇర్మె ఎక్కుతూ దిగుతూ బిందెలు మోసింది. నేను చీర కొంగులో వడగట్టి రేడియేటర్ నింపాను. తర్వాత డ్రమ్ము నింపుతుండగా కొండ మీద సైరన్ మోగింది.

దేవరాజు రాతి మీద కూలబడ్డాడు. "అయిపోనాది వదినా."

"సైరన్ మోగితే వాళ్ల ఆకలి తీరిపోతుందా? లే. బండి తియ్యి."

స్టార్టు చేసి వంగి చూశాడు. "మళ్లీ కారతంది!"

"కారనీ. కారేదానికి పోసుకుంటూ వెళ్లొచ్చు. పద బేగి."

ఇర్మె ఒడిలో బిందె పెట్టుకుని కూర్చుంది. మధ్యలో ఆపి, చల్లారనిచ్చి, నీళ్లు పోసి మళ్లీ కదిలాం. పైన మున్షీ చేతి గడియారం మీద వేలు పెట్టి నిలబడి ఉన్నాడు. కూలీలు పళ్లాలు పట్టుకుని బండకు ఆనుకుని కూర్చున్నారు.

"టైమ్ హో గయా, అమ్మా. లేటంటే లేటే. రేపటి నుంచి వ్యాను వస్తది."

"అన్నం ముట్టుకుని చూడు భయ్యా."

గోనె తీసి గుండిగలో వేలు పెట్టి, అబ్బా అని వెనక్కి తీసుకున్నాడు. పళ్లాల వైపు నుంచి నవ్వు వినిపించింది.

"ఈ రోజు ఆలస్యమైంది. లేదనను," అన్నాను. "నువ్వు వారం చూస్తానన్నావు, ఒక్క రోజు అనలేదు. మిగతా రోజుల్లో ఏ ఒక్క రోజు సైరన్ నాకంటే ముందు మోగినా నేనే వ్యాను వాడికి కబురంపుతాను."

వేలు ఊదుకుంటూ నన్ను చూశాడు. "ఠీక్ హై. ముందు వడ్డించు."

సాయంత్రం వాకిట్లో మళ్లీ రేడియేటర్ విప్పించాను. బావినీళ్లతో, తేట వచ్చేదాకా కడిగాం. అప్పుడు దేవరాజు కొత్త సీసా మూత తీసి నా వైపు చూశాడు.

"ఎంతొదినా?"

"కొట్టువాడు చెప్పినంతే."

ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా ఒక్క సీసా పోశాడు. చుక్క సన్నబడి, సన్నబడి ఆగింది. ముల్లు మధ్యలో నిలబడింది.

మంగళవారం వాగు మలుపు దగ్గర లారీలవాళ్లు డబ్బాలు ముంచుతుంటే దేవరాజు హారన్ కొట్టి దాటించేశాడు. మా డబ్బాలో బావినీళ్లున్నాయి, మూతికి గుడ్డ కట్టి ఉంది.

"బండికి బాప్తిస్మం ఇచ్చినారా?" అని ఒక డ్రైవరు అరిచాడు.

"నిన్ననే అయినాది. రెండుసార్లు ముంచినాం!" అన్నాడు దేవరాజు.

సైరన్ మోగేసరికి ఇర్మె రెండో గుండిగ మూత తీస్తోంది. మున్షీ పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. ఈసారి గుండిగలో వేలు పెట్టలేదు.