లప్పం పూసిన మంచం

ఆ దుకాణంలో చేతులు వదినవి, నోరు మరిదిది. అన్నగారి చూపు మందగించిన నాటి నుండి, అంటే పదకొండేళ్లుగా, ఇళ్లవాళ్లు వదిలించుకున్న బల్లలూ బీరువాలూ ఆమె చేతి కిందే కొత్త రూపు దిద్దుకుంటున్నాయి. పాత తలుపు పుస్తకాల అర అయ్యేది. ఊగిపోతున్న బీరువా గట్టి బెంచీ అయ్యేది. కొత్తవి కొనే స్తోమత లేనివారే ఆ మెట్లు ఎక్కేవారు. "ఎంత పనితనమండీ మీది!" అని వారు మెచ్చుకుంటే, రంపం పట్టి ఎరుగని మరిది తల వంచి, "ఏదో, మీ అభిమానం" అనేవాడు. వెనుక గదిలో గరుకు కాగితంతో చెక్క రుద్దుతున్న ఆమెకు ఆ మాట స్పష్టంగా వినిపించేది. ఆమె కోరిక ఒక్కటే: ఒక్క కొనుగోలుదారు ఎదుటనైనా, ఇది మా వదిన చేసిందని అతడు చెప్పాలి.

ఒకసారి నోరు విడిచి అడిగింది కూడా.

"ఆడమనిషి చేసిన మంచమంటే ఎక్కడానికే భయపడతారు వదినా. వ్యాపారం తెలీని మాటలు మాట్లాడకు," అని నవ్వేశాడు.

ఒకనాడు వీధి చివర బట్టలు కుట్టే ఆమె వచ్చింది. కాలికి ఆపరేషన్ అయిన కూతురు వారంలో ఇంటికి వస్తుంది. నేల మీద పడుకోకూడదు. మూలనున్న పాత భోజనాల బల్లను మంచంగా మార్చి ఇస్తానని మరిది మాటిచ్చాడు.

పాత చెక్కకు ఉలి తాకించే ముందు వదిన పాటించే నియమం ఒకటుంది. దాని కింద నల్లగుడ్డ పరిచి నాలుగు రోజులు కదపకుండా ఉంచుతుంది. గుడ్డ మీద పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉన్నట్టు. ఈసారి మూడో రోజుకే రెండు కాళ్ల కింద పొడి కుప్పపడింది.

"ఈ రెండూ కోసేసి వేరే కాళ్లు అతకాలి. ఇంకో వారం పడుతుందని ఆవిడకి చెప్పు."

"అంతదాకా ఆ పిల్ల గాల్లో పడుకుంటుందా? కాస్త లప్పం పూసి రంగేస్తే పెళ్లికూతురిలా ఉంటుంది."

"పెళ్లికూతురు కాదు, పీనుగు మొహానికి పౌడరు. నేను చెయ్యను."

"మానెయ్యి. నీ ఒక్కదానికే ఉన్నాయా చేతులు?"

మర్నాడు ఆమె భర్తను కంటి వైద్యుడికి చూపించి తిరిగి వచ్చేసరికి ఆ గుడ్డ దులిపి మడతపెట్టి ఉంది. లప్పం, రంగు పూసుకున్న బల్ల మంచమై చేరవలసిన ఇంటికి చేరిపోయింది. ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది. ఇంటిగుట్టు వీధిలో పడుతుందని తలచి మళ్లీ తీసేసింది. ఆ తప్పు మాత్రం ఆమెదే.

మంచం వెళ్లిన ఐదో రోజున బట్టలు కుట్టే ఆమె విరిగిన మంచం కోడు చేతపట్టుకుని దుకాణంలోకి దూసుకువచ్చింది. అప్పటికి అక్కడొక పెద్దాయన కుర్చీ బేరమాడుతున్నాడు.

"లేనివాళ్లమని పుచ్చుకర్ర అంటగడతావా? కుట్లు తెగి నా బిడ్డ మళ్లీ ఆసుపత్రిలో పడింది! నీ చేతులు పడిపోను!"

మరిది ఆ చేతులే జోడించాడు. "నన్ను తిడితే ఏం లాభమమ్మా? అది నేను చేసింది కాదు. మా వదిన చేసింది."

పదకొండేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట ఆ విధంగా వచ్చింది.

వదిన ఆ కోడు అందుకుని విరిగినచోటు చూపించింది. "ఇదిగో, తెల్ల లప్పం. నేనిది వాడను. ఏ చెక్కకి కన్నం పడితే ఆ చెక్క పొట్టే జిగురులో కలిపి కూరతాను."

"లప్పమో పొట్టో నాకేం తెలుస్తుంది? ఇది పుచ్చిందని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

మరిది చూపు వీధిలోకి తిప్పుకున్నాడు.

"అవును," అంది వదిన. లోపలికి వెళ్లి రంపం, ఉలి సంచిలో వేసుకుని వచ్చింది. "పద. నాలుగు కాళ్లూ మార్చి ఇస్తాను."

"అక్కర్లేదు తల్లీ. నీ చెయ్యి పడిన మంచం మీద నా బిడ్డని పడుకోబెట్టను."

బట్టలు కుట్టే ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. పెద్దాయన కుర్చీని అటూ ఇటూ ఊపి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది కూడా ఆవిడ చేసిందేనా?"

"అయ్యో, లేదండీ," అన్నాడు మరిది. "ఇది నేనే చేశాను."