కెప్టెన్ టీ పొయ్యదు

నేను గిన్నెలు తోముతూ కథ చెబుతుంటే, మా ఆయన హాల్లో కూర్చుని టైపు కొట్టేవారు. నా చేతులు ఎప్పుడూ సబ్బులోనో పిండిలోనో ఉండేవి, ఆయన చేతులు ఖాళీ. మా ఇంట్లో కథలన్నీ అలాగే పుట్టాయి. గ్రహాల మధ్య తిరిగే ఓడల గురించి అప్పటికి మా భాషలో ఆడవాళ్ళెవరూ రాయలేదు. కూర మాడితే మా అత్తగారు, చుక్కల్లో తిరిగింది చాలు, ఇక పొయ్యి దగ్గరికి దిగమ్మా అనేవారు. నవ్వేసి గిన్నె గీకేదాన్ని. పత్రికల్లో అచ్చయిన ఆ కథలు తీరిగ్గా చదువుకున్న రోజే లేదు.

మొదటి పుస్తకం కదా అని ఈసారి ప్రూఫులు నేనే పట్టుకుని కూర్చున్నాను. పైన మా ఆయన పేరొక్కటే ఉంది. సైన్సు కథల పుస్తకం మీద ఆడపేరుంటే కొనరని ప్రచురణకర్త అన్నాడట. పోనీలే, ఇద్దరం ఒకటేగా అని ఈయన ఒప్పేసుకున్నారట. అది దిగమింగుకోబోయాను. ఇంతలో, విరిగిన ఓడని ఒంటిచేత్తో ఇంటికి తెచ్చిన నా కెప్టెన్ కనిపించింది. నేను చెప్పిన ఆడమనిషి కాస్తా మగాడైపోయింది. పక్కన కొత్తగా ఒక భార్య, అందరికీ కప్పుల్లో టీ పోస్తోంది. బరువే లేని ఆ ఓడలో టీ కప్పులో నిలవదు, ఉండలు కట్టి గాల్లో తేలుతుంది. ముందు నవ్వొచ్చింది.

"ఈవిడెవరండీ? టీ ఎందుకు పోస్తోంది?" అన్నాను.

"అంతమంది ఉన్నారు కదా ఓడలో. ఎవరో ఒకరు పొయ్యాలిగా," అన్నారాయన, పాపం, మామూలుగానే.

కావాలని చేసుంటే పోట్లాడేదాన్ని. ఆయన చెయ్యి దానంతటదే అటు పోయింది. అప్పుడు ఆగిపోయింది నా నవ్వు.

చేతులు కడుక్కుని, తుడుచుకుని, టైపు మిషను భోజనాల బల్ల మీదకి మోసుకొచ్చాను. నా పేరూ నా కెప్టెనూ ఉంటేనే పుస్తకం, లేకపోతే లేదు అని ప్రచురణకర్తకి చెప్పెయ్యమన్నాను. మళ్ళీ మొదటి నుంచి నేనే కొడతాను, ఒంటివేలితో అయినా.

"మరి వంటో?" అన్నారు అత్తగారు.

"మీ అబ్బాయి చేతులు ఖాళీగానే ఉన్నాయిగా అత్తయ్యా."

అక్షరాలు వెతుక్కుంటూ మొదటి పేజీలో నా పేరు కొట్టాను. వంటింట్లోంచి ఆయన ఉప్పెంత వెయ్యాలని అడిగారు.

"నేను చెబుతుంటాను, మీరు వేస్తూ ఉండండి," అన్నాను. "కూర మాత్రం నేనే వండానని ఎవరికీ చెప్పనులెండి."