దొరికిన లోపం

రేడియో మెకానిక్కుకు ఒక అలవాటు ఉండేది. పని చేస్తున్నంతసేపూ గొంతులోనే ఏదో కూనిరాగం తీసేవాడు. దానికి పల్లవీ లేదు, చరణమూ లేదు. లోపం ఎక్కడుందో దొరికిన క్షణాన అది టక్కున ఆగిపోయేది. ముప్పై ఏళ్లు అతని భార్య కొట్లో ముందు బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాసింది. వెనక రాగం ఆగితే చాలు, తలైనా తిప్పకుండా వచ్చినవాళ్లతో "దొరికింది, కూర్చోండి" అనేది.

"నీకెలా తెలుస్తుందే?" అని పెళ్లయిన కొత్తలో అడిగాడు.

"నీ నోరు మూతపడింది కదా. ఇంకేం కావాలి?" అంది.

ఇంకొకటి కూడా ఉండేది. బాగున్న సామానును పోయిందని అతను ఎవరికీ చెప్పి ఎరగడు. అది ఒక్కటే అతని గర్వం. చదువు అయిదో తరగతి. నలుగురిలో మాట్లాడటం చేతకాదు. కానీ అతని చేతిలో పెట్టిన పెట్టె గురించి అతను అన్న మాటకు తిరుగు లేదు.

ఏడాదిన్నర కిందట పక్షవాతం ఆమెను ఒక్క దెబ్బకు మంచానికి కట్టేసింది. మాట పోయింది. మెడ తిరగదు. రెప్పలు వాటి ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటాయి. మిగిలినవి కుడిచేతి రెండు వేళ్లు, అవీ ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. అతను పాత కంప్యూటరొకటి తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టాడు. తెర నిండా అక్షరాలు. బాణం గుర్తు ఒక అక్షరం మీద రెండు సెకన్లు నిలబడితే ఆ అక్షరం పడుతుంది. తీగ ఉన్న మౌస్ అయితే దుప్పట్లో చిక్కుకుని చెయ్యి లాగేసేది. అందుకని తీగ లేనిది కొని ఆమె అరచేతి కింద పెట్టాడు.

మొట్టమొదట ఆమె రాసింది "జుట్టు దువ్వు" అని. మూడో రోజు "మందు చేదు. నువ్వు ఇంకా చేదు" అని రాసింది. అతను కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

పోనుపోను మింగడం కష్టమైంది. చెంచాడు గంజికి పొలమారి ముఖం నల్లబడిపోయేది. పది రోజుల కిందట అతను గంజి పడుతుంటే "చాలు" అని రాసింది. గిన్నె కింద పెట్టాడు. బాణం మళ్లీ కదిలింది. "గిన్నె కాదు" అని పడింది. అతను లేచి తెర ఆర్పేశాడు. దాని గురించి ఎవరితోనూ పెదవి విప్పలేదు.

నిన్న డాక్టరమ్మ ఇంటికి వచ్చి ఆమెకే చెప్పింది. పొట్టకు గొట్టం వేస్తే నోటితో పని లేకుండా తిండి లోపలికి పోతుంది, ఏడాదో రెండేళ్లో గడుస్తుంది. వెయ్యకపోతే వారాలే. "ఒంటి మీద కత్తి పడేది మీకు. చెప్పాల్సింది మీరే." ఆమె తాపీగా "రేపు చెబుతా" అని రాసింది.

ఆ రేపు వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు డాక్టరమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. వీధిలో అంబులెన్సు ఆగి ఉంది. భార్య చెల్లెలు కూడా వచ్చి అక్క కాళ్ల దగ్గర నిలబడింది. తెర మీద అక్షరాలు వెలుగుతున్నాయి. ఆమె వేళ్లు కదిలాయి. బాణం కదల్లేదు.

"ఏమైంది బావా?" అంది మరదలు.

"ఆగు."

ముందు కరెంటు, తర్వాత తీగలు, ఆ తర్వాతే మిగతావి. అతని పద్ధతి అది. మౌస్ తిరగేశాడు. అడుగున ఎర్ర దీపం వెలుగుతోంది. అయినా కొత్త బ్యాటరీ వేశాడు. బాణం అక్కడే ఉంది. కంప్యూటరు ఆర్పి మళ్లీ వేశాడు. కీబోర్డు పలుకుతోంది. దాంతోనే లోపలి జాబితా తెరిచి చూశాడు. కీబోర్డు పేరుంది, మౌస్ పేరు లేదు. అసలు అలాంటిదొకటి ఇంట్లో ఉందన్న సంగతే మిషనుకు తెలియనట్టుంది.

"ఊళ్లో రేడియోలన్నీ నీ మాట విన్నాయి. అరచేతిలో ఎలకపిల్ల వినట్లేదా?" అంది మరదలు. నవ్వించాలనే అంది. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "పదకొండింటికి ఆపరేషన్ గది మనకిచ్చారు. ఇది తప్పితే మళ్లీ తొమ్మిది రోజులకి. ఈ గొంతుతో తొమ్మిది రోజులంటే నేను మాటివ్వలేను."

అతను మోకాళ్ల మీద కూర్చుని బల్ల వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. కూనిరాగం తనకు తెలియకుండానే మొదలైంది. ఒక్కో తీగా తడుముకుంటూ వెళ్లిన వేలికి గోరంత రిసీవరు తగిలింది. మౌస్ చెప్పేది మిషనుకు వినిపించేది అదే. పోర్టులోంచి సగం బయటికి వచ్చి వేలాడుతోంది. పొద్దున తను బల్ల వెనక ఊడ్చాడు. చీపురు దెబ్బ.

రాగం ఆగింది.

వేలితో ఒక్క నొక్కు. అంతే పని. నొక్కితే ఆమె రాస్తుంది. ఏం రాస్తుందో అతనికి తెలుసు. అందులో మొదటి ముక్క పది రోజుల కిందటే చదివాడు.

మళ్లీ రాగం అందుకున్నాడు. ఈసారి కొంచెం పెద్దగా. రిసీవరును పూర్తిగా లాగి గుప్పిట్లో మూసుకుని, లేస్తూ లేస్తూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"లాభం లేదు. లోపల బోర్డు పోయింది."

"పావుగంట ఆగండి, కొత్త మౌస్ తెస్తా," అని మరదలు సంచీ అందుకుంది.

"ఏది తెచ్చినా గుర్తుపట్టదు. పోయింది మౌస్ కాదు, మిషను."

"అయితే నేను అక్షరాలు చదువుతా. కావాల్సిన చోట అక్క వేలు కదుపుతుంది."

"ఆ వేళ్లు ఎప్పుడూ కదులుతూనే ఉన్నాయి కదమ్మా," అంది డాక్టరమ్మ. "అందులో ఏది అవునో ఏది కాదో ఎవరు తేలుస్తారు?" అతని వైపు తిరిగింది. "ఆమె చెప్పలేని పరిస్థితిలో భర్త సంతకం సరిపోతుంది. ఏం చేద్దాం?"

"చెయ్యండి."

"అక్కనడక్కుండానా బావా? కూరలో ఉప్పు కూడా ఇంకొకర్ని వెయ్యనివ్వని మనిషి!"

"బతికుంటే తర్వాత తిట్టుకుంటుందిలే. ముందు బతకనీ."

కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టాడు. పెట్టి ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. చొక్కా జేబు వైపు చూస్తోంది.

నాలుగో రోజు ఇంటికి తెచ్చారు. పొట్టలో గొట్టం బాగానే కుదిరింది. ముఖానికి కాస్త రంగు వచ్చింది. మరదలు తన ఇంటికి వెళ్లేదాకా ఆగి, అతను బల్ల వెనక్కి చెయ్యి పెట్టి రిసీవరును దాని చోట నొక్కాడు. కంప్యూటరు రెండు చిన్న స్వరాలు పలికింది. బాణం ఉలిక్కిపడినట్టు కదిలింది.

"బోర్డు మార్పించాను. ఇదిగో, బాగైంది," అన్నాడు. ఆమె చెయ్యి తీసి మౌస్ మీద పెట్టాడు. తిట్టు, ఎంత కావాలంటే అంత తిట్టు అనుకుంటూ తెర ముందు నిలబడ్డాడు.

బాణం కదిలింది. ఒక అక్షరం మీద నిలిచింది. తర్వాత మరొకటి. సగంలోనే అతనికి అర్థమైంది. అయినా చూపు తిప్పుకోలేకపోయాడు. అన్ని అక్షరాలూ పడేదాకా ఆమె ఆగలేదు.

"దొరికింది."

అంతే. కూర్చోండి అనలేదు. రెండు వేళ్లూ వణుక్కుంటూ మౌస్ అంచు దాటి దుప్పటి మీదికి జారాయి.

మర్నాడు అతను మళ్లీ చెయ్యి తీసి పెట్టాడు. మళ్లీ జారింది. వారం పాటు పెడుతూనే ఉన్నాడు. మరదలు వచ్చి బతిమాలింది. "నామీద కోపమా అక్కా? ఒక్క మాట రాయవే." ఆ వేళ్లు దుప్పటి దాటి రాలేదు.

తర్వాత ఆమె పద్నాలుగు నెలలు బతికింది. గంజి గొట్టంలోంచి వేళకు పోయింది. ఒక్క పుండు పడకుండా చూసుకున్నాడు. రోజూ జుట్టు దువ్వాడు. దువ్వమని ఆమె అడగలేదు. రోజూ పొద్దున కంప్యూటరు వేశాడు, సాయంత్రం ఆర్పాడు. బ్యాటరీ అయిపోకముందే కొత్తది మార్చాడు. బల్ల వెనక మాత్రం మళ్లీ ఊడ్వలేదు. ఇంట్లో కూనిరాగం వినబడలేదు.

చివరి నెలలో ఒకసారి డాక్టరమ్మ వచ్చింది. గొట్టం చూసి, నాడి చూసి, తెర మధ్యలో కదలకుండా ఉన్న బాణం కేసి చూసింది.

"ఏమీ రాయడం లేదా? ఇంకా ఆ మిషన్‌లో లోపం పోలేదా?"

ఆమె కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అతను మౌస్ తీసి తిరగేశాడు. ఎర్ర దీపం వెలుగుతోంది. మళ్లీ ఆమె చేతి పక్కన పెట్టాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఇందులో లోపం ఏ రోజూ లేదు."