గోడలు దాటే వైఫై

పుళిక్కల్ వారింట్లో రూటర్ కాలిపోయిన రోజు నుంచి ఆన్సీకి కంటి మీద కునుకు లేదు. తులావర్షం, అంటే అక్టోబరు ఉరుముల వానలు, మొదలైన వారంలోనే రబ్బరు తోటలో ఎక్కడో పిడుగు పడింది. ఆ అదురు కరెంటు తీగ వెంట ఇంట్లోకి వచ్చి, హాల్లో గోడకు తగిలించిన తెల్ల డబ్బాను మాడ్చేసి పోయింది. టీవీకి ఏమీ కాలేదు, ఫ్రిజ్‌కు ఏమీ కాలేదు.

"ఉరిమినప్పుడు ప్లగ్గు పీకమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పీకనిచ్చావా?" అన్నది అత్తగారు ఏలియమ్మ.

నిజమే, పీకనివ్వలేదు. పాలా ఊరి చుట్టుపక్కల కొండల్లో ఉరుము వినబడితే చాలు, ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు లేచి ప్లగ్గులన్నీ వరసగా లాగేస్తారు. అది ఎవరూ ఎవరికీ నేర్పరు, పుట్టుకతో వస్తుంది. పుళిక్కల్ ఇంట్లో మాత్రం కోడలు ఆ ఒక్క ప్లగ్గు దగ్గర కాపలా నిలబడేది. ఎందుకంటే ఆమె ప్రాణమంతా ఆ డబ్బాలోంచే ఆమెకు కనబడేది.

కూతురు టెస్సకు పదేళ్లు. ఎనిమిదో ఏట షుగర్ వచ్చింది, చిన్నపిల్లలకు వచ్చే రకం, జీవితాంతం సూది మందు మీదే బతకాల్సిన రకం. అది ఎక్కువైతే ఆస్పత్రి. తక్కువైతే మాత్రం నిమిషాల్లో పిల్ల తూలిపోతుంది, మాట తడబడుతుంది, చూసేవాళ్లు లేకపోతే అంతే. ఒకసారి స్నానాలగదిలో పడిపోయి, నోట్లో నురగతో, పిలిస్తే పలకని పిల్లను ఆన్సీ చూసింది. ఆ తర్వాత ఆమె మరి మామూలు మనిషి కాలేదు. టెస్స భుజానికి రూపాయి బిళ్లంత యంత్రం అతికించారు. అది రక్తంలో చక్కెర అంకెను పిల్ల నడుముకు కట్టిన చిన్న ఫోనుకు చెబుతుంది, ఆ ఫోను వైఫై పట్టుకుని తల్లి ఫోనుకు చెబుతుంది. స్కూల్లో మొబైల్ సిగ్నల్ ఉంది కనుక ఇబ్బంది లేదు. కొండ వెనక పల్లంలో ఉన్న ఆ ఇంటికి మాత్రం సిగ్నల్ గాలి సోకదు. ఇంట్లో వైఫై పోతే అంకె పోయినట్టే.

రూటర్ లేనన్నాళ్లూ ఆన్సీ పిల్ల వెంట నీడలా తిరిగింది.

"బాత్రూముకి కూడా వస్తావా మమ్మీ?"

"తలుపు దగ్గరే ఉంటాలే. గడియ పెట్టుకోకు."

"పాట పాడుతూ ఉంటాను. పాట ఆగితే రా."

ఆన్సీకి అది వేళాకోళమని తెలియలేదు. మంచి ఉపాయమే అనుకుని బయట నిలబడి, పాట అయ్యేదాకా విన్నది.

శనివారం మొగుడూ పెళ్లాలిద్దరూ టౌనులో రెజి కొట్టుకు వెళ్లారు. రెజి కంప్యూటర్లు బాగుచేస్తాడు, మాట్లాడేది మాత్రం పెళ్లిళ్ల పేరయ్యలా. భర్త జోమోన్ లోపల అడుగు పెట్టగానే ఎనిమిది కొమ్ములున్న నల్లటి రూటర్ ముందు ఆగిపోయాడు. అది వెల్లకిలా పడిన పీతలా ఉంది.

"ఇది అదిరిపోయింది కదే," అన్నాడు.

"కొమ్ములు చూసి కొనడానికి ఎద్దా?" అని ఆన్సీ రెజి వైపు తిరిగింది. "మా ఇంటి గోడలు ఎర్రరాతివి, మూరెడు మందం. హాల్లోంచి వెనక వంటింటిదాకా నాలుగు గోడలు. ఆ చివరిదాకా అందాలి. నాకు కావల్సింది అదొక్కటే."

"చేచీ, ఇప్పుడు వచ్చేవన్నీ డ్యూయల్ బ్యాండ్," అన్నాడు రెజి, అక్క వరస కలుపుతూ. "ఒకే డబ్బా రెండు రకాలుగా పంపుతుంది. ఒకటి వేగం, సినిమా కళ్లు మూసి తెరిచేలోపు దిగుతుంది. కానీ అది కొత్తపెళ్లికూతురు, గోడ కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. రెండోది నిదానం, కానీ గోడలు దాటుకుని పోతుంది."

"అయితే నాకు ఆ రెండోదే ఇవ్వు."

"రెండూ కలిసే వస్తాయి. ఇదిగో, ఈ మోడల్లో రెండింటికీ ఒకటే పేరు. ఏ ఫోను దేన్ని పట్టుకోవాలో డబ్బానే చూసుకుంటుంది. మీరు పట్టించుకోనక్కర్లేదు."

జోమోన్ ముఖం వెలిగింది. పట్టించుకోనక్కర్లేదు అన్న మాట వింటే చాలు, ఆయన ఏదైనా కొంటాడు. "ఇదే ఇచ్చెయ్."

"డబ్బా పొరపాటు పడితే?" అన్నది ఆన్సీ. "పిల్ల హాల్లో ఉన్నప్పుడు దాన్ని వేగం దానికి తగిలించి, పిల్ల వెనక్కి వెళ్లాక మార్చకపోతే?"

"మార్చుతుంది చేచీ."

"ఎంతసేపట్లో?"

రెజి నవ్వాడు, ఆమె ముఖం చూసి మానేశాడు. "కొన్నిసార్లు ఆలస్యమవుతుంది," అని ఒప్పుకున్నాడు. "ఫోను మొండికేస్తే పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఇది చూడండి, ఇందులో రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టుకోవచ్చు. పాప ఫోనుకు నిదానం దాని పాస్‌వర్డ్ ఒక్కటే ఇవ్వండి. ఇక అది వేరేదాని జోలికి పోదు."

"ఏమే, రోజూ ఈ పేరు ఆ పేరు అని మార్చుకుంటూ కూర్చోవాలా?" అని జోమోన్ గొణిగాడు.

"ఇచ్చాయా, నువ్వు క్రికెట్ చూసుకోవడానికి కాదు మనం వచ్చింది," అన్నది ఆన్సీ. మొగుణ్ణి ఆమె పిలిచే పిలుపు అదే.

అదే కొన్నారు. కరెంటు పోయినా రూటర్ నడవడానికి చిన్న బ్యాటరీ పెట్టె కూడా తీసుకున్నారు. రెజి వచ్చి బిగించి, అక్కడి అలవాటు ప్రకారం ఇంటిపేరే పెట్టాడు. గోడలు దాటేది పుళిక్కల్, వేగంగా ఉండేది పుళిక్కల్ ఐదు. ఆన్సీ పిల్ల ఫోన్లో మొదటిది పెట్టి, ఆ ఫోను చేత పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వంటిల్లు, కట్టెల గది, రబ్బరు షీట్లు ఆరేసే పొగగూడు గుమ్మం. అంతటా అంకె వచ్చింది. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది.

అయితే భయం అంత తేలిగ్గా వదిలేది కాదు. తీగ తెగినా, డబ్బా ఒక్క క్షణం ఆగినా ఆమె ఫోను సిగ్నల్ పోయిందని కీచుమని అరిచేది. ఆదివారం చర్చిలో, ఫాదర్ ప్రసంగం మధ్యలో అరిచింది. చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. సిగ్గుతో చచ్చిపోయి, ఆ ఒక్క అరుపును ఆమె ఆపేసింది. షుగర్ పడిపోతే అరిచేది మాత్రం ఉంచింది. అంకె తెలుస్తున్నప్పుడు సిగ్నల్ అరుపెందుకు అనుకున్నది. రాకపోతే పాత అంకే తెర మీద అలాగే నిలబడి ఉంటుందన్న సంగతి ఆమె బుర్రకు తట్టలేదు.

తర్వాతి వారం జోమోన్ పెదనాన్న మనవరాలి మనసమ్మతం, అంటే నిశ్చితార్థం. టెస్స రానన్నది.

"అక్కడ అందరి ముందూ నా ప్లేటు చూస్తావు. కేకు ముక్క తీసి కొలుస్తావు. నేను అమ్మచ్చి దగ్గర ఉంటాను," అన్నది నానమ్మను చూపిస్తూ.

ఆన్సీ అత్తగారికి జ్యూస్ డబ్బాలు ఎక్కడున్నాయో చూపించింది, చూపించిందే మళ్లీ చూపించింది. "అమ్మచ్చీ, ఉరిమితే అన్నీ పీకండి. ఆ ఒక్కటి ముట్టుకోకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"సరేలేవే తల్లీ," అన్నది ఏలియమ్మ. "పిడుగు వచ్చి అడిగితే నా కోడలు వద్దన్నదని చెబుతాను."

చర్చి హాల్లో ఉంగరాలు మార్చుకునే సమయానికి ఆకాశం నల్లబడింది. ఆన్సీ ఫోను చూసుకున్నది. నూట నాలుగు. మనసు కుదుటపడింది. చెల్లెలి వరస ఆవిడెవరో వచ్చి చీర మెచ్చుకున్నది. వాన మొదలైంది. మళ్లీ చూసింది, నూట నాలుగు. ఉడకబెట్టిన కర్రపెండలం, చేపల పులుసు వడ్డిస్తున్నారు. చేతిలో పళ్లెం పట్టుకుని మరోసారి చూసింది. నూట నాలుగే.

అప్పుడు ఆమెకు తట్టింది. ఏ మనిషి షుగరూ అలా ఒక్క అంకె మీద కూర్చోదు. మూడైనా పెరుగుతుంది, రెండైనా తగ్గుతుంది. అంకె కింద చిన్న అక్షరాలు చదివింది. అది వచ్చి ముప్పావుగంట అయింది.

ఇంటి ఫోనుకు చేసింది. అది కూడా రూటర్ డబ్బాలోంచే నడుస్తుంది. మోగనే లేదు. పళ్లెం ఎక్కడ పెట్టిందో ఆమెకు తర్వాత గుర్తు లేదు.

కారులో వాన అద్దం మీద బకెట్లతో పోసినట్టు పడుతున్నది. జోమోన్ ముందుకు వంగి తోలుతున్నాడు.

"నువ్వు దాని ఫోను ఐదుకి మార్చావా?" అన్నది ఆన్సీ.

ఆయన వైపర్ వేగం పెంచాడు.

"ఇచ్చాయా."

"నిన్న పాటలు దిగట్లేదని ఏడ్చింది. ఒక్కసారి మార్చాను. మళ్లీ పెట్టేశాను... పెట్టాననే అనుకుంటున్నాను."

"అనుకుంటున్నావా? మరి ఇంటి ఫోను ఎందుకు మోగదు? మీ అమ్మ పీకేసింది. నువ్వు మార్చావు, ఆమె పీకింది. మీరంతా కలిసి నా పిల్లను—"

"దేవుడా, అలా అనకే," అన్నాడు జోమోన్.

మలుపులో ఎదురుగా కట్టెల లారీ వచ్చింది. జోమోన్ బండిని గట్టు వైపు లాగాడు. వెనక చక్రం బురదలో జారి, బండి లోయ వైపు ఊగి, మైలురాయికి తగిలి ఆగింది. జోమోన్ దిగి, మోకాళ్లదాకా బురదలో నిలబడి బండిని రోడ్డు మీదికి నెట్టాడు. తర్వాత ఆన్సీయే "పోనియ్" అన్నది. స్నానాలగది నేల మీద పడి ఉన్న పిల్ల తప్ప ఆమె కళ్లకు ఇంకేదీ కనబడటం లేదు. దేవుడికి ఏమేమో మొక్కుకున్నది. మొక్కినవన్నీ తీర్చాలంటే ఆస్తి చాలదు.

ఇంటి ముందు చెప్పులు విడవకుండానే లోపలికి పరుగెత్తింది. హాల్లో రూటర్ చచ్చిపడి ఉంది. ప్లగ్గు నేల మీద, బ్యాటరీ పెట్టె తీగ కూడా ఊడదీసి పక్కనే ఉంది.

"టెస్సా."

వంటింట్లోంచి "ఆఁ" అని వినబడింది.

పొయ్యి పక్క పీట మీద ఏలియమ్మ, ఆమె ఒళ్లో ఆనుకుని టెస్స. పిల్ల ముఖం పాలిపోయి ఉంది, జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆన్సీ అక్కడే కూలబడింది. బతికి ఉన్నదని తెలిసిన తర్వాత కోపం వచ్చింది. వస్తే మామూలుగా రాలేదు.

"మీ కాళ్లు పట్టుకుని చెప్పాను కదా. మీకు మీ ప్లగ్గులే ముఖ్యమా? నా బిడ్డ పోతే మీకు చల్లగా ఉంటుందా?"

ఏలియమ్మ తల వంచుకున్నది. "అవునే, నేనే పీకాను. భయమేసింది. తిట్టేదేదో నన్ను తిట్టు," అన్నది.

"అమ్మచ్చి కాదు," అన్నది టెస్స. "నేను పీకాను."

ఏలియమ్మ మనవరాలి నోరు మూయబోయింది. పిల్ల ఆ చేయి పక్కకు తీసింది.

"తాడు ఆట ఆడాను. చేతులు వణికాయి. మిషన్ నూట నాలుగు చూపిస్తోంది కానీ నాకు తెలిసింది. వేలు గుచ్చి చూసుకుంటే యాభై ఎనిమిది."

జోమోన్ గుమ్మం పట్టుకున్నాడు.

"మిషన్‌కి ఆలస్యంగా తెలుస్తుంది కదా. తెలిస్తే నీ ఫోను మోగుతుంది. అందుకని ముందు ప్లగ్గు పీకి, తర్వాత జ్యూస్ తాగాను. పావుగంట ఆగి మళ్లీ గుచ్చుకున్నాను. ఎనభై మూడు."

"ఎందుకు?" అన్నది ఆన్సీ. "ముందు ప్లగ్గు ఎందుకే? ముందు జ్యూస్ కదా తాగాల్సింది."

టెస్స తల్లి వైపు కాక, బయట పడుతున్న వాన వైపు చూసింది.

"మోగితే నువ్వు ఆగవు. పప్పాని ఈ వానలో బండి తియ్యమంటావు. ఆ మలుపులన్నీ... మీరు దారిలో చచ్చిపోతారని భయమేసింది. నాకు బాగైపోయాక పెడదామనుకున్నాను. ఇంతలో ఉరుములు ఎక్కువయ్యాయి, అమ్మచ్చి పెట్టనివ్వలేదు."

జోమోన్ ప్యాంటుకు మోకాళ్లదాకా బురద, కారుకు వెనక తలుపు సొట్ట. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆన్సీ కూడా చెప్పలేదు. యాభై ఎనిమిది మీద వణుకుతూ తన పదేళ్ల పిల్ల, నోట్లో తియ్యటి చుక్క పడకముందు, తల్లిని కాపాడటానికి హాల్లోకి నడిచింది. రెండేళ్లుగా ఆన్సీ ఆ పిల్లను కాచింది. ఆ పిల్ల కూడా ఆమెను కాస్తూనే ఉంది. ఈ ముక్క తలకెక్కినప్పుడు కలిగిన భయం ముందు కారులో పడ్డ భయం ఏపాటిది?

ఆమె పాకుతూ వెళ్లి క్షమించమన్నట్టు అత్తగారి మోకాలి మీద చేయి వేసింది. ఏలియమ్మ ఆ చేతిని తట్టింది. తర్వాత ఆన్సీ సూది డబ్బా అందుకుని, టెస్స వేలు పట్టుకున్నది.

"ఒక్కసారి చూద్దాం మోళే, నా తల్లీ. ఇప్పుడెంతుందో."

టెస్స వేలు ఇచ్చింది. సూది మొన వేలి చుట్టూ తిరుగుతున్నది కానీ వేలిని అందుకోవడం లేదు.

"నీ చెయ్యి వణుకుతోంది మమ్మీ," అన్నది టెస్స. "ఇలా ఇవ్వు, నేను గుచ్చుకుంటాను."