తిరుపతయ్య గారి సంతకం

ఇల్లు కట్టించుకున్న వాళ్ళందరికీ సిమెంటు బస్తా తెలుసు. దాని మీద కంపెనీ పేరు, బొమ్మ, యాభై కిలోలన్న అంకె కనిపిస్తాయి. దాన్ని లారీలోకి మోసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఆ మనిషి గురించే ఈ కథ.

పల్నాడులో గురజాలకు కాస్త దూరంలో ఒక పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాని యజమానులు ఏ దేశంలో ఉంటారో అక్కడ పనిచేసేవాళ్ళలో చాలామందికి తెలియదు. పొద్దున ఆరు గంటలకు ఆ గేటు దగ్గర నిలబడి చూడండి. పర్మినెంటు కార్మికులు కార్డు చూపించి దర్జాగా లోపలికి వెళతారు. పక్కనున్న చిన్న గేటు దగ్గర హమాలీలూ, ఊడ్చే ఆడవాళ్ళూ వరసలో నిలబడతారు. "ఏయ్ లోడింగూ, జరుగు! ఎన్నిసార్లు చెప్పాల్రా?" అని సెక్యూరిటీ గార్డు అరుస్తాడు. ఆ అరుపులు పడేవాళ్ళలో యాభై రెండేళ్ళ తిరుపతయ్య ఒకడు. ముప్ఫై రెండు మంది హమాలీల జట్టుకు అతను మేస్త్రి, వాళ్ళ సంఘానికి నాయకుడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గేటు దగ్గర అతనికి పేరే లేదు. ఇలాంటివి మనం రోజూ చూస్తాం, చూసి ఊరుకుంటాం. ఎంతటి నష్టానికి దారి తీస్తాయో ఆలోచించం.

మొన్నటి వేసవిలో పిడుగులాంటి కబురొకటి వచ్చింది. నెలాఖరుకు హమాలీలదీ, ఊడ్చేవాళ్ళదీ పాత కాంట్రాక్టు అయిపోతుంది, కొత్త కాంట్రాక్టరు తనకు కావలసిన వాళ్ళనే తీసుకుంటాడు. పర్మినెంటు వాళ్ళలోనూ కొందరిని దూర రాష్ట్రాలకు పంపుతారు. పర్మినెంటు వాళ్ళది, హమాలీలది, ఊడ్చే ఆడవాళ్ళది అని ఫ్యాక్టరీలో ఉన్న మూడు సంఘాలదీ అంతవరకూ ఎడమొహం పెడమొహం. ఒక్కోదానికి ఒక్కో పార్టీ, ఒక్కో జెండా. ఇప్పుడు గతిలేక ఒకటయ్యాయి. పర్మినెంటు కార్మికుల కార్యదర్శి అక్రం, ఇదే కంపెనీకి వేరే రాష్ట్రాల్లో ఉన్న మూడు ఫ్యాక్టరీల సంఘాలతో ఫోన్లో మాట్లాడాడు. నాలుగు చోట్లా ఒకే రోజున, ఒకే డిమాండుతో చర్చలకు కూర్చోవాలని నిర్ణయించారు. పాతవాళ్ళలో ఒక్కరినీ తీసేయకూడదు, అంతే.

"ఒకటే మాట. పిలిచినా సరే, ఆఫీసులోకి ఎవురూ ఒంటరిగా పోగూడదు" అంది ఊడ్చే ఆడవాళ్ళ సంఘం నాయకురాలు ఆరోగ్యమ్మ.

"నేనెందుకు పోతానక్కా!" అన్నాడు తిరుపతయ్య. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

చర్చలకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, అతన్ని ఆఫీసుకు రమ్మన్నారు. ఏ లోడు సంగతో అనుకుని ఒంటినిండా సిమెంటు దుమ్ముతోనే వెళ్ళాడు. మేనేజరు లేచి నిలబడ్డాడు.

"రండి తిరుపతయ్య గారూ, కూర్చోండి."

ఇంకెవరినో అంటున్నాడనుకుని తిరుపతయ్య వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. కుర్చీ మాసిపోతుందని తలకు చుట్టిన తువ్వాలు విప్పి పరుచుకుని, అంచున కూర్చున్నాడు. టీ వచ్చింది.

"మీ జట్టు సంగతి మీరూ నేనూ మాట్లాడుకోవాలి గానీ మధ్యలో ఆ మిగతా సంఘాల వాళ్ళెందుకండీ? మీరు పెద్దమనుషులు. కొత్త కాంట్రాక్టరు మీవాళ్ళను చూసుకుంటాడు. ఇందులో అదే రాశాం."

మూడు పేజీలు, అంతా ఇంగ్లీషు. కాస్త చదివి చెప్పమని అడగడానికి తిరుపతయ్యకు నోరు రాలేదు. గారూ అని పిలిచిన మనిషి ముందు చదువు రానివాడిలా కనపడటం సిగ్గనిపించింది. పైగా హమాలీ జట్లలో ఒక అలవాటు ఉంది. లారీ వాళ్ళతో బేరమైనా, పని ఒప్పుకోవడమైనా మేస్త్రి ఒక్కడే మాట్లాడతాడు, తక్కినవాళ్ళు తలాడిస్తారు. జట్టును అడగాలన్న ఆలోచనే అతనికి రాలేదు. సంఘం తరఫున సంతకం పెట్టేశాడు.

"నన్ను గారూ అన్నాడే! కుర్చీ ఏశాడు" అన్నాడు ఇంటికొచ్చి భార్య దుర్గమ్మతో. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అతని మొహంలో అంత వెలుగు చూడలేదు.

"చానా సంతోషం. కాగితంలో ఏముందయ్యా?"

"మనోళ్ళని చూసుకుంటారంట."

"అంట ఏంది? అందర్నీనా, కొందర్నా?"

 తిరుపతయ్య పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలుపుతూ ఉండిపోయాడు. అప్పుడే అక్రం దగ్గరికి పరుగెత్తి ఉన్నా కొంత దక్కేదేమో. సిగ్గుతో పోలేకపోయాడు. నన్నడిగితే మొదటి తప్పు కన్నా ఇది పెద్దది.

చర్చల రోజు ముగ్గురు నాయకులూ కలిసే లోపలికి వెళ్ళారు. మేనేజరు ఆ కాగితం బల్ల మీద పెట్టాడు. అక్రం చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. కొత్త కాంట్రాక్టరు ఎంపిక చేసిన వారికి మాత్రమే పని అని ఉంది. ఉమ్మడి చర్చల నుంచి హమాలీ సంఘం తప్పుకుంటున్నదని కూడా ఉంది.

"ఏంది మేస్త్రీ ఇది?" అన్నాడు అక్రం.

ఉమ్మడి చర్చలు అక్కడితో ఆగిపోయాయి. పల్నాడు వాళ్ళు విడిపోయారట అన్న కబురు సాయంత్రానికల్లా మిగతా ఫ్యాక్టరీలకు పాకింది. వారం తిరక్కుండా అక్కడి సంఘాలు కూడా ఎవరికి వారు దొరికినదానికి ఒప్పుకుని సంతకాలు పెట్టేశాయి.

ఒకటో తారీఖున చిన్న గేటుకు జాబితా అంటించారు. ముప్ఫై రెండు మంది హమాలీల్లో తొమ్మిది పేర్లే ఉన్నాయి. మొదటిది తిరుపతయ్యది. ఊడ్చే ఆడవాళ్ళలో సగం మందికి పని పోయింది, ఆరోగ్యమ్మకు కూడా. పర్మినెంటు వాళ్ళలో కొందరికి బదిలీ కాగితాలు వచ్చాయి. తిరుపతయ్యను ఎవరూ తిట్టలేదు. పదిహేనేళ్ళు అతనితో జోడీగా బస్తాలు మోసిన కోటిబాబు అన్నం క్యారేజీ పట్టుకుని దగ్గరకొచ్చాడు. "మళ్ళా పిడుగురాళ్ళ సున్నం బట్టీలకే పోవాలంటావా మేస్త్రీ?" అని అడిగాడు. ఇంత జరిగాక కూడా అతన్నే అడిగాడు.

తిరుపతయ్య భోరున ఏడ్చాడు. "నన్ను కొట్టండిరా! మీ కూడు పోగొట్టింది నేనే!"

"నిన్ను కొడితే మాకు పని వచ్చిద్దా?" అంది ఆరోగ్యమ్మ.

"మరిప్పుడేం చేద్దామక్కా?"

"చేసేదేం లేదు. పోయింది." ఆమె, అక్కడికి వచ్చిన అక్రంతో సహా అందరి వైపు తిరిగింది. "కంపెనీవోళ్ళు మనల్ని ఏయ్ అన్నారు, సరే. మనలో మనం ఏం మర్యాద ఇచ్చుకున్నాం? అక్రమూ, మీ పర్మినెంటోళ్ళు ఏనాడన్నా ఈళ్ళ పక్కన కూచుని అన్నం తిన్నారా? తిరపతయ్యా, నీ జట్టులో ఒక్కణ్ణన్నా నోరిప్పనిచ్చావా? మా ఆడోళ్ళని మీటింగులో మాట్టాడనిచ్చారా మీరు? ఆ గౌరవం మన దగ్గరే దొరికుంటే దానికోసం ఈయన ఆ గదిలో సంతకం పెట్టేవోడు కాదు."

 

"ఇంకోసారి అవకాశమొస్తే గుర్తుపెట్టుకోండి" అంది ఆరోగ్యమ్మ. "మనకి మనం మర్యాద ఇచ్చుకోవాల, ఏ కాగితమైనా అందరికీ చదివి వినిపించి అడిగినాకే సంతకం పెట్టాల. ఈ రెండూ చెయ్యకపోతే ఎన్ని సంఘాలు కలిసినా కంపెనీ ముందు మనం ఒంటరోళ్ళమే."