నాలుగోసారి విప్పిన కార్బురేటర్

మా ఆయన ఆ కార్బురేటర్ విప్పడం పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. రెండు ఆటోలు మారి, టిఫిన్ గిన్నె ఒళ్లో పెట్టుకుని, మేముండే బమ్రోలి నుంచి ఈ పల్సానా పొలాల దాకా వచ్చింది ఈ వైభోగం చూడటానికా అని నాకు ఒళ్లు మండిపోయింది.

ట్రాక్టరు ఠాకోర్‌భాయ్ అనే గుజరాతీ చెరకు రైతుది. వాళ్ల నాన్న కొన్న పాత పెట్రోలు బండి, వయసులో నాకన్నా పెద్దది. దీన్ని నడిపించి చూపిస్తే మిగతా మూడు ట్రాక్టర్లు చూసుకునే పని కూడా ఇస్తానన్నాడు. గడువు ఈ సాయంత్రం దాకానే. రేపు ఇంకో మెకానిక్ వస్తున్నాడట.

ఈ పని మాకు దొరికి తీరాలి. పద్దెనిమిదేళ్లు మరమగ్గాల రొదలో నిలబడి మా ఆయన సదానందం కుడి చెవి పోగొట్టుకున్నాడు. ఇంకా అక్కడే ఉంటే రెండోదీ పోతుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఈ మహానుభావుడు వినపడదని ఒప్పుకుంటేనా! పెళ్లికి ముందు సొంతూళ్లో ట్రాక్టర్లు బాగుచేసిన రోజులు తలుచుకుని, ఇంజన్ చప్పుడు వింటే చాలు రోగం చెప్పేస్తానని ఠాకోర్‌భాయ్ ముందు కోతలు కోశాడు.

"స్టార్టయితది. నెమ్మదిగ మంచిగనే నడుస్తది. థ్రాటిల్ లేపితే సచ్చిపోతది," అన్నాడు.

"గది నాకు గూడ కనవడ్తనే ఉంది. ఎందుకు సస్తున్నదో చెప్పు."

ముందు వేగం పెంచే థ్రాటిల్ కడ్డీ వదులైందన్నాడు, బిగించాడు. తర్వాత ట్యాంకులో మురికన్నాడు, కడిగాడు. ఆ తర్వాత తప్పంతా గాలి వడకట్టే జాలీదే అన్నాడు. మధ్యమధ్యలో కార్బురేటర్ విప్పడం, బిగించడం. బిగించిన ప్రతిసారీ బండి రెండు నిమిషాలు బుద్ధిగా నడిచేది. ఠాకోర్‌భాయ్ మంచం మీంచి ఆశగా లేచేవాడు. అంతలోనే అది రెండుసార్లు దగ్గి ఆగేది. ఆయన మళ్లీ కూర్చునేవాడు. అలా మూడుసార్లు లేచి కూర్చున్న మనిషి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"ఇస్కో కామ్ ఆతా హై కి నహీ, బెన్?" అని నన్నే అడిగాడు. ఇతనికి పని వచ్చా, రాదా చెల్లీ అని.

అప్పుడు చూశాను. పెట్రోలుతో కడిగిన కార్బురేటర్ గిన్నెను సదానందం జేబులోంచి తీసిన నూలు వేస్టు దారాల ఉండతో శ్రద్ధగా తుడుస్తున్నాడు. మగ్గాల దగ్గర అందరూ చేసేదే అది. చెయ్యి, నూనె, ఆఖరికి కళ్లద్దాలైనా పీచులు రాలే ఆ వేస్టుతోనే తుడుస్తారు.

"ఏందది? నాలుగుసార్లు దీంతోనే తుడిచినవా?"

"మరి దేంతోని తుడుస్తరు?"

అతని ముందు విప్పి పెట్టి ఉన్న జెట్ లాక్కున్నాను. పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క అది. ఎండకు ఎత్తి చూస్తే అవతలి వెలుగు కనపడలేదు. ఇంట్లో రోజంతా చీరల మీద దారాలు వెతికి కత్తిరించడానికి అలవాటుపడ్డ కళ్లు నావి. రంధ్రం అంచున కనిపించిన సన్నటి కొనను గోళ్లతో పట్టి లాగాను. తెల్లటి నూలు పీచు బయటికి వచ్చింది.

"మగ్గం నిన్ను ఇడుస్తలేదా, నువ్వు మగ్గాన్ని ఇడుస్తలేవా?" అని అరిచాను.

ఈసారి అన్నీ కడిగి, నోటితో ఊది ఆరబెట్టాడు. వేస్టు నా గుప్పిట్లోనే ఉంచుకున్నాను. బండి స్టార్టయింది. థ్రాటిల్ లేపాడు. ఇంజన్ గట్టిగా అరిచింది, ఆగలేదు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

ఠాకోర్‌భాయ్ సదానందం కుడివైపు వచ్చి నిలబడి, "కల్ సే ఆ జావో," అన్నాడు. రేపటి నుంచి రమ్మని!

సదానందం తల తిప్పలేదు. ఠాకోర్‌భాయ్ మళ్లీ అన్నాడు. ఇతను ఇంజన్ మీదే వంగి ఉన్నాడు. ఆయన నావైపు అనుమానంగా చూశాడు. దాచి ఏం లాభం? రేపైనా తెలిసేదే.

"ఆ చెవి పనిచేయదు, భాయ్," అని వచ్చీరాని హిందీలో చెప్పేశాను.

ఠాకోర్‌భాయ్ కాసేపు ట్రాక్టరును చూశాడు. తర్వాత సదానందం వెనకనుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చి, చెవి దగ్గర వంగి, అదే మాట గట్టిగా చెప్పాడు.

నాకు ఏడుపొచ్చేసింది. సదానందం మాత్రం నావైపు తిరిగి విసుక్కున్నాడు.

"నాకు ముందే ఇనవడ్డది! గీ మనిషి గట్ల అరుస్తడేంది?"